మన ఇంటికే శుభలేఖ

పొద్దున్నే పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. మీ పెళ్లికి మిమ్మల్ని మీరే పిలుచుకుంటున్నారేమిటమ్మా అంటూ మూడు కవర్లు కోడలి చేతిలో పెట్టి వెళ్లాడు. తమ ఇంటి శుభలేఖలే. స్టాంపులు తను అంటించినవే. పైన ఉన్న పేరూ చిరునామా కూడా తమ ఇంటివే.

ఆమె కవర్లను తిప్పి తిప్పి చూసింది. కూతురి పెళ్లి దగ్గరపడింది. ఈ మూడూ ఎవరికి అందాల్సినవో, ఇంకెన్ని ఇలా వచ్చి పడతాయో. అందులో పెళ్లికొడుకు పెదనాన్నగారిది ఉంటే ఇక చెప్పక్కర్లేదు, ఆయన అలక తీరేలోపు ఇంకో పెళ్లి చెయ్యొచ్చు.

కొన్నాళ్లుగా ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం మాటే లేదు. కార్డులు, కవర్లు, జిగురు సీసా బల్లంతా ఆక్రమించుకుంటే, మనుషులు కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. అత్తగారు చిరునామాలు రాస్తారు, కోడలు కార్డు దూర్చి కవరు అంటిస్తుంది, పెళ్లికూతురు ఆఫీసుకు వెళుతూ పోస్టు డబ్బాలో వేస్తుంది. అత్తగారు ఉద్యోగమంతా బడిపిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషి. వీధి వీధంతా ఆమెను టీచరమ్మ అనే పిలుస్తుంది. ఆ రాత మీద నమ్మకంతో కోడలు ఒక్క చిరునామా అయినా చదివిన పాపాన పోలేదు. కవర్లు తక్కువ పడితే దుకాణంవాణ్ణి తిట్టుకుంది కూడా.

అత్తగారు అప్పటికే కళ్లజోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. కోడలు ఆ మూడు కవర్లూ ఆమె ముందు పెట్టింది.

"అత్తయ్యా, ఇది మీ రాతేగా?"

ఆవిడ చూసి పెన్నుకు మూత పెట్టేశారు. రాశాక ఒకసారి చూసుకోవద్దా, ఎవరికి అందలేదో ఇప్పుడెలా తెలుస్తుంది, చేతకాకపోతే ముందే చెప్పొచ్చుగా అని కోడలు గుక్క తిప్పుకోకుండా అనేసింది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

"ఎవరిదీ తప్పిపోలేదమ్మా. ఇవి మధ్యలో అదనంగా రాసినవి."

"మనింటికి మనమే శుభలేఖ రాసుకోవడమేమిటి?"

అత్తగారు ఆ మూడు కవర్లూ దగ్గరికి లాక్కున్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. క్రితం నెల బ్యాంకు నుంచి వస్తూ మలుపు దగ్గర ఆగిపోయారట. ఎటు తిరగాలో తట్టలేదట. ఎవరినైనా అడుగుదామంటే ఇంటి నంబరు కూడా నోటికి రాలేదట. ఎవరింటి మెట్ల మీదో కూర్చుంటే, చాలాసేపటికి దానంతటదే గుర్తొచ్చిందట.

"అప్పట్నుంచీ భయం. మధ్యమధ్యలో మనింటి చిరునామా రాసి చూసుకుంటాను. చెయ్యి ఆగకుండా రాసేస్తే, ఇంకా గుర్తుందిలే అని ఊపిరి పీల్చుకుంటాను. తర్వాత తీసి సొరుగులో పడేస్తాను. ఈ మూడూ తియ్యడం మర్చిపోయినట్టున్నాను."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పెళ్లిలో నన్నో మూల కూర్చోబెట్టి కాపలా పెడతారు. మనవరాలి పెళ్లికి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లను పేరుపెట్టి పలకరించాలని ఉంది నాకు."

కోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. ఆవిడ ముఖం వాడిపోయి ఇంటికొస్తే, పాస్‌బుక్కు తెచ్చారా అని మాత్రమే అడిగింది తను. ఏమైందని అడగలేదు.

మిగిలినవి పెళ్లికూతురి చేత రాయించమంటూ అత్తగారు పెన్ను ఇటు జరిపారు. కోడలు కళ్లు తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూర్చుంది. పెన్ను మూత తీసి మళ్లీ ఆ చేతిలోనే పెట్టింది.

"మీరే రాయండి. మనింటిది కూడా రాసుకోండి, నేను చూసి తీసేస్తాను. మీ అబ్బాయికి మాత్రం చెబుదాం అత్తయ్యా, ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళదాం. గుమ్మంలో మీ పక్కన నేనుంటాను. ఎవరి పేరైనా తట్టకపోతే నేనందిస్తాను."

తిరిగొచ్చిన కవర్లలో ఒకటి తీసి అత్తగారి చేతిసంచిలో పెట్టింది.

"ఇది ఇందులోనే ఉండనివ్వండి. ఎక్కడైనా దారి తెలియకపోతే తీసి చూపించండి. పెళ్లివారింటికి దారి అడుగుతున్నారనుకుంటారు, ఇంకోలా అనుకోరు."

అత్తగారు తలవంచుకుని కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత కొత్త కవరు ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టారు. కోడలు పక్కనుంచి ఒక్కో అక్షరమే చదివింది. తమ ఇంటి చిరునామాయే. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నారు.