ఎంగిలి పళ్లెం

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి వంటవాడి చెల్లెలు మళ్ళీ వెంట్రుకలు కక్కింది. తడి వెంట్రుకలు, వాటిలో చేప పొలుసులు, జిగట. వంటవాడు ఆమె నోటి కింద బకెట్ పట్టాడు.

విహారయాత్రకు బయలుదేరిన చిన్న ఓడ అది. చెల్లెలు ప్రయాణికుల గదులు ఊడ్చి పక్కలు సర్దేది. వేళ్ళనిండా ఉంగరాలున్న పెద్దాయన గది ఊడ్చి వచ్చినప్పటి నుంచి మంచం పట్టింది.

గాలి లేదు. చుట్టూ కదలని సముద్రం. మబ్బు లేకుండానే ఉరిమింది...

"ఈ ఒళ్ళు నాది," అంది చెల్లెలు. గొంతు ఎవరో ముసలిదానిది.

"కాదు, నా చెల్లెలిది. దిగు."

ఆమె నవ్వింది. పళ్ళ సందున పురుగు మెదిలింది.

ఉంగరాలాయన గుమ్మంలోకి వచ్చాడు. "భయపడకు నాయనా, నేను దింపుతాగా. పొద్దున పిల్ల తిని వదిలేసిన ముద్ద పట్రా. పైన డెక్ మీద పూజ చేస్తా."

వంటవాడు వంటగదికి పరిగెత్తాడు. అక్కడికి వెళ్ళాకే గుర్తొచ్చింది. జబ్బు మనిషి ఎంగిలి ఓడలో ఉంచకూడదన్నది వంటగది కట్టుబాటు. పొద్దున్నే దాన్ని సముద్రంలో పారేశాడు. ముద్ద లేదని చెబితే ఆయన పూజ మానేస్తాడేమో. అంట్ల తొట్టిలో పైనున్న పళ్ళెం తీశాడు. చేప తల నమిలి, పిప్పి పళ్ళెంలోనే ఉమ్మేది ఉంగరాలాయన ఒక్కడే. ఎంగిలి ఎంగిలే కదా అనుకుని ఆ పిప్పినే అన్నంలో కలిపి తీసుకెళ్ళాడు.

డెక్ మీద ఉంగరాలాయన సంచిలోంచి పుర్రె తీశాడు. కళ్ళ గుంటల్లో చీము. ముద్దను దాని నోట్లో కుక్కాడు.

"సాగరగర్భ పిశాచీ! ఇది ఎవరి ఎంగిలో, ఆ దేహం నీకు బలి. దాని ఆయువు నాకు!"

"దొంగ సచ్చినోడా, దింపుతానన్నావుగా!" వంటవాడు మీదికి ఉరికాడు. అంతలోనే ఆగిపోయాడు. ఆ ముద్ద ఎవరిదో తెలిసింది అతనొక్కడికే.

సముద్రం తెరుచుకుంది. నీళ్ళలోంచి తాడు మందాన వెంట్రుకల పాయ లేచింది. అది ఓడంతటినీ వదిలేసి ఉంగరాలాయన నోట్లోకి దూరింది.

"నన్ను కాదే... దాన్ని!" అని అరవబోయాడు. సగం మాట దగ్గరే పొట్ట ఉబ్బింది. పాయ అతన్ని పుర్రెతో సహా కిందికి లాక్కుపోయింది. పలకల మీద జిగట మిగిలింది, అందులో ఉంగరాలు.

వంటవాడు కిందికి దిగేసరికి చెల్లెలు లేచి కూర్చుని ఉంది.

"అన్నయ్యా, ఆకలేస్తోంది. ఏంటీ కంపు?"

గంజి పెట్టాడు. ఆమె సగం తాగి గిన్నె పక్కన పెట్టింది. మిగిలింది ఇంకెవరి చేతికీ చిక్కకుండా అతను అప్పటికప్పుడే సముద్రంలో పారబోశాడు.