చేపల లేబుల్ కింద

ఓడరేవు ఇన్‌స్పెక్టర్ శవం ఖాళీ రిఫ్రిజిరేటెడ్ కంటైనర్‌లో దొరికింది. గడ్డకట్టిన పిడికిలి విప్పితే నీలంరంగు స్టిక్కర్ ముక్క. దానిమీద సగం మంట బొమ్మ.

చీఫ్ ఆ ముక్కను ఏజెంట్ వైపు జరిపాడు.

“దీని అర్థం?”

“తడి తగిలితే పేలే సరుకు సర్. ఈ లేబుల్ కనబడితే ఫైర్‌వాళ్లు నీళ్లు కొట్టరు. పొడి ఇసుక వాడతారు.”

“రేవులో ముఠా మాటలు రహస్యంగా విన్నాం,” అన్నాడు చీఫ్. “ఒక కంటైనర్‌కున్న ఈ లేబుల్‌మీద చేపల లేబుల్ అంటించారు. లోపల సోడియం డ్రమ్ములు. వాళ్లే దానికి నిప్పు పెడతారు. ఆర్పడానికి వచ్చినవాళ్లు ఒక్కరూ మిగలరు. ఆ తర్వాత పక్కనున్న చమురు ట్యాంకులు అంటిస్తే ఆర్పే దిక్కుండదు.”

“ఫైర్ స్టేషన్‌కి చెబితే?”

“వాళ్ల రేడియో, ఫోన్లు ముఠా వింటోంది. తెలిసిందంటే ప్లాన్ మార్చేస్తారు. ముందు కంటైనర్ పట్టుకో.”

రేవు ఫైర్ ఆఫీసర్ ఏజెంట్ అక్క భర్త.

మధ్యాహ్నానికి అతను ఏసీ మెకానిక్ వేషంలో యార్డులో దిగాడు. కంప్రెసర్ల రొద తప్ప మనిషి అలికిడి లేదు. వరుసల మధ్య నుంచి ఒక యువతి నడిచివచ్చింది. నల్లకళ్లద్దాలు, మెడకు సిల్కు స్కార్ఫ్. ముఠాలో ఉంటూ చీఫ్‌కు కబుర్లు చేరవేసే మనిషి. కోడ్‌నేమ్ నెమలి.

“చలి ఎక్కువగా ఉందా?” అంది.

“లోపల ఇంకా ఎక్కువట,” అన్నాడతను.

కోడ్ కుదిరింది. ఆమె ఒక తెల్ల కంటైనర్ తలుపు తీసింది. “డ్రమ్ములు చివర ఉన్నాయి. చూసుకోండి.”

అతను లోపలికి వెళ్లి టార్చ్ వేశాడు. అన్నీ చేపల పెట్టెలే. వెనక తలుపు మూసుకుంది.

“ఇన్‌స్పెక్టర్ కూడా నన్ను నమ్మాడు,” బయటి నుంచి ఆమె గొంతు మెల్లగా వినిపించింది.

చలి ఎముకల్లోకి దిగుతోంది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బూటు మడమలో దాచిన చిన్న ఛార్జ్ తీసి తలుపు సందులో దూర్చి, పెట్టెల వెనక నక్కాడు. పేలుడుకు గడియ ఊడింది. తలుపు తోసుకుని బయటపడేసరికి యార్డు ఆ చివర పొగ లేచింది. ఫైరింజన్ సైరన్ అప్పటికే ఆగిపోయింది. అంటే ఫైర్‌వాళ్లు దిగిపోయారు.

పరుగెత్తాడు.

మండుతున్న కంటైనర్ తలుపులు తెరిచి ఉన్నాయి. ఫైర్ ఆఫీసర్ దాని ముందు నిలబడి నీళ్ల పైపు గురిపెట్టాడు.

“నీళ్లు కొట్టకు బావా.”

“ఎవడ్రా వీడు, పక్కకి లాగండి,” అన్నారెవరో. ఆఫీసర్ మాత్రం ఆ గొంతుకు తల తిప్పాడు. వాల్వ్ మీద చెయ్యి ఆగింది.

ఏజెంట్ వేడెక్కిన రేకు మీది చేపల లేబుల్‌ను గోళ్లతో పీకేశాడు. వేళ్లు కాలాయి. కింద నీలంరంగు స్టిక్కర్, మిగిలిన సగం మంట బొమ్మ, చిరిగిన అంచు.

ఆఫీసర్ ముఖం పాలిపోయింది. “పైపులు వెనక్కి. ఇసుక లారీ పిలవండి.”

ఇసుక కింద మంట అణిగేలోపు, లారీ డ్రైవర్ వేషంలో గేటు కాస్తున్న చీఫ్, ఏజెంట్ లేకుండా ఒంటరిగా జారుకుంటున్న నెమలి చేతులకు బేడీలు వేశాడు. చమురు ట్యాంకులు అంటించడానికి కాచుకున్న ఇద్దరు ముఠా మనుషులూ దొరికారు.

ఆఫీసర్ హెల్మెట్ తీసి నేలమీద కూలబడ్డాడు. బావమరిది మెకానిక్ యూనిఫాం వంక ఎగాదిగా చూశాడు.

“నువ్వు ఏం పని చేస్తావో అడగను గానీ, మా ఇంట్లో ఫ్రిజ్ చల్లబడట్లేదురా. ఎలాగూ డ్రస్సు వేసుకున్నావుగా, వచ్చి ఓసారి చూసిపో.”