పెద్దమ్మ పేరు చెప్పి పెట్టిన సెలవు

సముద్రం ఒడ్డున ఆ ఖాళీ బంగళా ఉంది చూశారూ... చీకటిపడ్డాక దాని మెట్ల దగ్గరికి కుక్క కూడా పోదు. చచ్చినవాళ్ళు వచ్చి అక్కడ కూర్చుంటారట — తమకు అన్యాయం చేసినవాళ్ళ కోసం. నేను చూడలేదు. మా లెక్కల మేష్టారు చూశాడు. అతను చెప్పిందే చెబుతున్నా, ఉప్పూకారం మాత్రం నావి.

ఏడాదంతా పిల్లల మీద అరిచి అరిచి మేష్టారి గొంతు బొంగురుపోయింది, నిద్ర కరువైంది. నాలుగు రోజులు సముద్రపు గాలి పీలిస్తే మళ్ళీ మనిషినవుతాననుకున్నాడు. హెడ్మాస్టరు సెలవిస్తేనా! గొంతు లేకపోతే సైగలతో చెప్పమన్నాడట. దాంతో మేష్టారు, తల్లిలేని తనను పెంచి పెద్దచేసిన పెద్దమ్మను... ఒక్క మాటతో చంపేశాడు.

"మా పెద్దమ్మ పోయిందండీ."

సెలవు దొరికింది. పెద్దమ్మకేమో, బడివాళ్ళే విశ్రాంతి తీసుకోమన్నారని, ఫలానా లాడ్జిలో దిగుతానని చెప్పి బస్సెక్కాడు.

వచ్చాడే గానీ, సుఖమేదీ? లాడ్జిలో ముద్ద దిగదు. కళ్ళు మూస్తే పెద్దమ్మే... దారిలో తినమని మూట కట్టి ఇచ్చిన ఆ చేతులే.

రెండో రాత్రి గదిలో ఉండలేక ఒడ్డు వెంట చాలా దూరం నడిచి వెనక్కి తిరిగాడు. బంగళా దగ్గర దీపం లేదు. అలల చప్పుడొక్కటే... మెట్ల మీద ఏదో తెల్లగా కదిలింది.

ఆగాడు. అదీ ఆగింది.

"వచ్చావా నాన్నా..."

పెద్దమ్మ గొంతు!

మేష్టారు చేతులు జోడించాడు. నా నోటితో నేనే చంపుకున్నాను, అన్నంత పనీ అయింది అనుకున్నాడు. ఇసుకలో కూలబడ్డాడు.

"తప్పయిపోయింది పెద్దమ్మా..."

చల్లటి చెయ్యి ఒకటి అతని తల మీద పడింది. మెల్లగా కిందికి జారింది... చెవి పట్టుకుని మెలేసింది.

దెయ్యాలు చెవులు మెలెయ్యవు కదండీ!

జరిగిందేమిటంటే, ఆ పొద్దున్నే బడివాళ్ళంతా పూలదండ పట్టుకుని పరామర్శకొచ్చారట. తలుపు తీసింది పెద్దమ్మే. సంగతి విని, ఒక్క క్షణం తమాయించుకుని, పోయింది మా అక్కయ్య, నేను చెల్లెల్ని అందట. వాళ్ళ మధ్య కూర్చుని తన చావుకు తనే కళ్ళొత్తుకుందట. మేష్టారి ఉద్యోగం నిలబడింది. వాళ్ళు వెళ్ళగానే బస్సెక్కేసింది. మేష్టారు ఒడ్డు వెంట ఇటే వెళ్ళాడని లాడ్జివాడు చెబితే వచ్చి, కాళ్ళు లాగి ఆ మెట్ల మీద కూర్చుంది.

నాలుగు తిట్టమని మేష్టారు బతిమాలాడట. ఆమె తిట్టలేదు. అతని బట్టల మీది ఇసుక దులుపుతూ, నెమ్మదిగా అంది:

"అది సరే గానీ నాన్నా... నేను నిజంగా పోయిన రోజు, సెలవు ఏమని అడుగుతావురా?"