ముప్ఫై ఎకరాల పశువుల శాల

"టీచర్ గారూ, ముందు మీ చేతిలో ఉన్న ఆ చిప్స్ ప్యాకెట్ లోపల పెట్టండి."

యమున వెనక్కి తిరిగింది. ఎదురుగా జూ కీపరు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఖాకీ చొక్కా, చేతిలో ఖాళీ బకెట్. ముఖంలో మర్యాద మచ్చుకైనా లేదు. ఆమె చుట్టూ ఆరో తరగతి పిల్లలు నలభై మంది తమ టీచర్ ఏమంటుందా అని నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"ఇది నేను తినడానికి తెచ్చుకున్నది. మీ దుప్పులకి కాదు."

"మీరు తింటే పిల్లలు తింటారు. పిల్లలు తింటే కంచెలోంచి దుప్పులకి పెడతారు. సాయంత్రానికి నాకు పని."

"ఏటి పని?"

"కడుపునొప్పితో పడుకున్న దుప్పి పక్కన కూర్చోవడం."

ప్యాకెట్ బ్యాగులోకి వెళ్లిపోయింది. తర్వాత గంటసేపు అతనే పిల్లల వెంట తిరిగి ఒక్కో జంతువు గురించి చెప్పాడు. బస్సు ఎక్కబోతూ యమున ఊరుకోలేకపోయింది.

"మీరు బాగానే చెబుతారు. కాస్త మెత్తగా చెబితే ఇంకా బాగుంటుంది."

"మీరు బాగానే వింటారు. కాస్త తొందరగా వింటే ఇంకా బాగుండేది."

శృంగవరపుకోట దాటి కొండల కిందకు పోయే దారిలో ఉన్న ఆ జూకి, మరుసటి ఆదివారం యమున ఒక్కతే వచ్చింది. చిప్స్ తేలేదు. అతని పేరు గురుప్రసాద్ అనీ, అడవిదున్నలూ కణుజు జింకలూ దుప్పులూ అన్నీ అతని చేతి మీదే బతుకుతున్నాయనీ ఆ రోజే తెలిసింది. డిసెంబరులో మొదలైన ఆ ఆదివారాలు జూలై వానల దాకా సాగాయి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ గేటు దగ్గర విడిపోయేటప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరికి ఏదో ఒకటి గుర్తొచ్చేది, బస్సు వెళ్లిపోయేది.

చివరికి చెప్పాల్సిన అవసరం బొబ్బిలి నుంచి వచ్చింది.

"వచ్చే గురువారం తాంబూలాలు పుచ్చుకోడానికి వస్తామంటున్నారు," అంది యమున ఫోనులో. "అబ్బాయికి బొబ్బిలిలో ఏసీల షోరూం. నాన్న ఇంకా మాట ఇవ్వలేదు. ఇచ్చేలా ఉన్నారు."

అవతల వాన చప్పుడు, బకెట్ కింద పెట్టిన చప్పుడు వినిపించాయి.

"రేపు మా నాన్నని తీసుకుని మీ ఇంటికి వస్తాను," అన్నాడు గురుప్రసాద్.

"అంటే?"

"అంటే ఏమిటో మీకు తెలుసు. మీరు లేకుండా ఆదివారం నాకు అక్కర్లేదు. మిగతా ఆరు రోజులు కూడా."

యమున కళ్లు తుడుచుకుంది. గొంతు మాత్రం టీచర్ గొంతే. "ఈ మాట ఏడు నెలల క్రితం చెప్పాల్సింది. సరే. నాక్కూడా అంతే. కానీ రేపు మీరు రావద్దు. వస్తే మా నాన్న ముందుగా మీ పశువుల శాల ఎక్కడుందని అడుగుతారు."

అది నిజమే. గజపతినగరం చుట్టుపక్కల యమున నాన్న జగన్నాధం గారి పద్ధతి అందరికీ తెలుసు. ఏ సంబంధానికి వెళ్లినా ఆయన పెళ్లికొడుకుని చూడడు. కాఫీ తాగడు. తిన్నగా పెరట్లోకి పోయి పశువుల్ని చూస్తాడు. గిట్టలు పెరిగిపోయాయా, ముట్టె తడిగా ఉందా, కుడితి తొట్టి కడిగారా. అన్నిటికన్నా ముందు, మనిషి చెయ్యెత్తితే పశువు బెదిరిందా. బెదిరితే ఆ ఇంటికి పిల్లనివ్వకూడదు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఆయన చెల్లెల్ని ఇచ్చిన ఇంట్లో ఎడ్ల వీపుల మీద కర్ర దెబ్బలు అందరూ చూశారు, ఎవరూ మాట్లాడలేదు. ఆ చెల్లెలు పుట్టింటికి రెండుసార్లే వచ్చింది. మూడోసారి చావు కబురే వచ్చింది.

గురుప్రసాద్ వాళ్లది విజయనగరంలో నాలుగు తరాలుగా కోవెల్లో సన్నాయి వాయించే ఇల్లు. పొలం లేదు, పశువు లేదు. పెరట్లో ఒక మందారం మొక్క ఉంది.

"మీకు శాల లేదని ఎవరన్నారు?" అంది యమున. "ముప్ఫై ఎకరాలు ఉంది. మా నాన్నని నేనే తెస్తాను. ఆదివారం."

పథకం వేయడంలో యమునకు తిరుగులేదు. ఆ సాయంత్రమే ఇంట్లో ప్రకటించింది: ఆదివారం అందరం జూకి.

"నాను రాను," అన్నాడు జగన్నాధం. "ఎడ్లకి నీళ్లెవుడు పెడతాడు?"

"గంగులు బాబాయికి సెప్పాను. మద్దేనం ఒకసారి, సందేళ ఒకసారి పెడతాడు."

"ఆడు తొట్టి కడగడు."

"కడుగుతాడు. కడిగి ఫొటో తీసి పంపమన్నాను."

నాయనమ్మ దాలమ్మ చాప మీంచి లేచి కూర్చుంది. "ఓలే, పులి బయటికి రాదు కదా?"

"రాదు నాయనమ్మా. దానికి టికెట్టు నేదు."

"నవ్వకే. పదకొండు మందిమి ఎల్తన్నాం, పదకొండు మందిమి తిరిగి రావాలి. అది సూసుకో."

టెంపో మాట్లాడింది. సోమవారం జూకి సెలవు కాబట్టి ఆదివారం తప్పదని ఒప్పించింది. పులిహోర ఎవరు కలపాలో, గొడుగులు ఎన్నో కాగితం మీద రాసి గోడకి అంటించింది. రెండో కాగితం ఒకటి ఆమె బ్యాగులోనే ఉండిపోయింది. అది ఫోనులో గురుప్రసాద్‌తో కలిసి రాసింది.

"ముందు అడవిదున్నలు," అన్నాడతను. "ఒంటికి నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. తర్వాత దుప్పులు. తర్వాత భోజనం. వెనకాల చికిత్స ఆవరణ వైపు మాత్రం తీసుకురావద్దు."

"ఎందుకు?"

"అక్కడొక కణుజు ఉంది. కొండ కింద నూతిలో పడితే తీసుకొచ్చారు. ఎముకల గూడులా ఉంది. దాన్ని చూస్తే మీ నాన్నగారు గురువారం దాకా కూడా ఆగరు."

"సరే. మీరు కూడా కనిపించొద్దు. ముందు జంతువులు మాట్లాడాలి. తర్వాత నేను మాట్లాడతాను."

"డ్యూటీలో ఉంటాను కదా, ఎక్కడ దాక్కోమంటారు? ఎలుగుబంటి పక్కనా?"

"అది ఒప్పుకుంటే అక్కడే."

ఆదివారం పొద్దున్న అంతా కాగితం మీద ఉన్నట్టే నడిచింది. అడవిదున్నల ముందు జగన్నాధం పావుగంట నిలబడ్డాడు. వంగి గిట్టలు చూశాడు. పేడ చూశాడు.

"పేడ బాగున్నాది," అన్నాడు మెల్లగా. యమునకు ఏ ఉత్తమ ఉపాధ్యాయ అవార్డూ అంత సంతోషం ఇచ్చి ఉండదు.

దుప్పుల దగ్గర తొట్టి కడిగి ఉందన్నాడు. మధ్యాహ్నం షెడ్డు కింద అందరూ పులిహోర విప్పుకున్నారు. చినుకులు మొదలయ్యాయి. యమున విస్తళ్లు సర్ది తలెత్తేసరికి నాన్న లేడు.

గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తింది. వెళ్లకూడని చోటే ఉన్నాడాయన. చికిత్స ఆవరణ రెయిలింగు పట్టుకుని, వానలో తడుస్తూ. లోపల ఆ కణుజు పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉంది. ఒక కాలికి కట్టు.

"దీన్ని సూసుకునేటోడు ఎవుడు?" అన్నాడు జగన్నాధం. "పిలవండి ఆడిని."

"నేనేనండి." షెడ్డు లోంచి గురుప్రసాద్ వచ్చాడు. చేతిలో రావాకుల కట్ట. యమునను చూశాడు, చూడనట్టే ముందుకొచ్చాడు.

"ఏటిది? ముందున్నవాటికి మేత, ఎనకున్నదానికి వాతా? జనం సూసేవాటినే సూస్తావా నువ్వు?"

"నూతిలో మూడు రోజులు ఉందండి. వచ్చి ఎనిమిది రోజులైంది. మొదటి నాలుగు రోజులు ఏమీ తినలేదు. ఇప్పుడు రావాకు తింటోంది."

"మందలో వదులు. ఒంటరిగా ఉంటే తింటాదేటి?"

"వదలనండి. కుంటుతున్నదాన్ని మిగతావి పొడుస్తాయి. కట్టు విప్పడానికి ఇంకా మూడు వారాలు ఆగాలి."

"నలభై ఏళ్లుగా పశువుల్లో ఉన్నాను నాను. నాకు సెప్తావేటి? తియ్యి ఆ తలుపు. ముట్టె పట్టుకుని సూస్తాను."

"తియ్యనండి."

యమున రెయిలింగు దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో నాన్న మాటకి ఎదురు చెప్పిన మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

"ఏటన్నావు?"

"కొత్త మనిషి దగ్గరికొస్తే అది గోడకేసి దూకుతుంది. ఆ కాలు మళ్లీ విరుగుతుంది. మీరు పెద్దవారు, ఏమైనా అనండి, పడతాను. తలుపు మాత్రం తియ్యను."

జగన్నాధం అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. వాన పెరిగింది. గురుప్రసాద్ తాను మాత్రం లోపలికి వెళ్లి, గోడ వారగా నిలబడి ఆకుల కట్ట ఉన్న చెయ్యి పైకెత్తాడు. కణుజు బెదరలేదు. కుంటుకుంటూ వచ్చి, ఎత్తిన ఆ చెయ్యి కిందే తల పెట్టుకుని నిలబడింది.

జగన్నాధం ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వెనక్కి నడిచాడు.

ఇక దాచడం యమున వల్ల కాలేదు. దారిలోనే ఆయనకు అడ్డంగా నిలబడింది.

"నాన్నా, నిన్నీ రోజు తెచ్చింది జూ సూపించడానికి కాదు. సంబంధం సూపించడానికి. నువ్వు పొద్దుట్నుంచీ సూసింది ఆయన సాల. ఆయన్ని నాను చేసుకుంటాను."

"ఏ ఆయన?"

"నీకు తలుపు తియ్యనన్న ఆయన."

జగన్నాధం ముఖం గట్టిపడింది. "మోసం చేసి తెచ్చావా నన్ను?"

"ముందే సెప్తే వచ్చేవోడివా?"

"రాను."

"మరేటి చెయ్యను? వాళ్లు మన వాళ్లు కారని, పొలం నేదని, ఇంట్లోనే కూర్చుని వద్దనేవోడివి. సూసినాక వద్దని సెప్పు, వింటాను."

ఆయన రెయిలింగు వైపు తిరిగి చూశాడు. వాన నీళ్లు కనుబొమ్మల మీంచి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"మా సెల్లిని ఇచ్చినప్పుడు," అన్నాడు చివరికి, "పొలం ఉన్నాది. మన వాళ్లే. అన్నీ ఉన్నాయి."

అంతే అన్నాడు. వెనక్కి తిరిగి మళ్లీ రెయిలింగు దగ్గరికి నడిచాడు. యమున అక్కడే నిలబడిపోయింది. మాటలు వినిపించాయి.

"ఒరే అబ్బాయి, నీకు సెలవెప్పుడు?"

"సోమవారమండి."

"రేపే కదా. రేపొద్దు. వచ్చే సోమవారం మీ నాన్నని, అమ్మని తీసుకుని మా ఇంటికి రా. నీ సాల నాను సూశాను. మాది నువ్వు సూడాలి కదా. నచ్చకపోతే మొగమాటం పడకుండా సెప్పీ."

గురుప్రసాద్ ఆకుల కట్ట కింద పెట్టాడు. "గిట్టలు కూడా చూస్తానండి మరి."

"సూడు. సూడకపోతే నాకు నచ్చవు."

టెంపో కదిలాక, గజపతినగరం దారిలో జగన్నాధం ఫోను తీసి బొబ్బిలికి చేశాడు. బండిలో అందరూ చెవులు రిక్కించారు.

"గురువారం రావద్దు బావగారూ. తప్పుగా అనుకోకండి, మా గుంటకి వేరే సంబంధం సూశాం... లేదు, ఇంకా ఖాయం కాలేదు. మాకు నచ్చినాది. అబ్బాయి వచ్చి మా ఎడ్లని సూసి సెప్తానన్నాడు."

అవతల ఏమన్నారో గానీ ఆయన ఫోను పెట్టేశాడు. దాలమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని కొడుకునీ మనవరాలినీ మార్చి మార్చి చూసింది.

కొంత దూరం పోయాక జగన్నాధం కిటికీ లోంచి ముఖం తిప్పాడు. యమున ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడని కంగారు ఉంది ఆ ముఖంలో.

"ఓలే యమునా, మన నల్లెద్దు ఎడం గిట్ట కాస్త పెరిగినట్టున్నాది. రేపే ఎవుడినైనా పిలిచి తీయించాలి. ఆ కుర్రోడు వదిలే రకం కాదు."