ఆరున్నొకటి

“ఎనిమిది తన్నారు,” అన్నాను, ఆవిడ తల నీళ్లపైకి రాగానే.

“కాదు. మీరు చెప్పినన్నే తన్నాను,” అంది రొప్పుతూ.

“నేను చెప్పింది ఏడండీ.”

“లెక్క నాకూ వచ్చు. రోజూ వందమంది రక్తం తీసి లెక్కలు రాసే మనిషిని.”

“నేను గడియారాలు బాగుచేసే మనిషిని. నా లెక్క తప్పదు.”

“అయితే వెళ్లి గోడకు వేలాడండి!” అని వెల్లకిలా తిరిగి వెళ్లిపోయింది.

మా పరిచయం అలా తగవుతో మొదలైంది. ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ల ఈత క్లబ్బు మాది. మోకాలు దెబ్బతిని నేను పోటీలు మానేశాక, చేతిలో స్టాప్‌వాచీ పెట్టి నన్ను గట్టున నిలబెట్టారు. ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. ముప్పై మూడేళ్లు. క్లబ్బంతా సూదమ్మ అని పిలిచేవాళ్లు. యాభై మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ నలభై సెకన్లలోపు ఈదితే పెద్ద పోటీకి ఎంపికవుతుంది. నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఎంపికకు ఇంకా నెల రోజులే ఉంది.

చెప్పిందల్లా ఇట్టే పట్టేసేది. నుదుటి మీద నీళ్ల గ్లాసు పెట్టినా ఒలకనంత నిలకడగా తల ఉంచమన్నాను, ఉంచింది. చెయ్యి నీళ్లలోకి దిగేటప్పుడు చిటికెనవేలు ముందు దిగాలన్నాను, దించింది. మొదలుపెట్టడం దగ్గరే చిక్కంతా. గోడను తన్ని, వెల్లకిలా నీళ్ల అడుగునే, రెండు కాళ్లూ జోడించి ఏడు తన్నులు తన్ని పైకి రావాలి. ఈవిడ ప్రతిసారీ ఎనిమిది తన్నేది. ఆ ఎనిమిదో తన్నుకు ఊపిరీ అయిపోయేది, వేగమూ అయిపోయేది. అరసెకను అక్కడే గంగపాలు.

అయినా నాకు కోపం వచ్చేది కాదు. పొద్దున్నే ఈత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, “ఎంతొచ్చింది?” అని ఆవిడ నావైపు చూస్తే, నా గుండె ఒక టిక్కు తప్పేది. వాచీకైతే నూనె చుక్క వేస్తాను. దీనికేం వెయ్యను?

ఒకరోజు సన్నగా వాన పడుతోంది. నేను గట్టున వంగి, గొంతు చించుకుని “ఏడు! ఏడు!” అని అరుస్తున్నాను. వెనకనుంచి గొడుగు మొన నా భుజానికి తగిలింది.

“ఏమయ్యా, నా కూతుర్ని ఏడవమంటావేంటి?”

సూదమ్మ వాళ్లమ్మ!

“అయ్యయ్యో, అంకె అండీ! ఏడు తన్నులు తన్నమంటున్నాను.”

“అంకైతే ఆరున్నొకటి అనలేవూ? మా ఇంటాయన ఆ మాట ఎవర్నీ అననిచ్చేవారు కాదు. దీనికి చిన్నప్పట్నుంచీ అదే అలవాటు.”

నాకు బుర్రలో దీపం వెలిగింది. నీళ్లవైపు తిరిగి, “మనసులో ఎలా లెక్కపెడతారో ఒకసారి పైకి చెప్పండి,” అన్నాను.

సూదమ్మ గట్టు మీద వేలితో కొడుతూ చెప్పింది. “ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్... ఒకటి.”

ఎనిమిది దెబ్బలు! పగలబడి నవ్వాను. “చదువుకున్నారు, ల్యాబ్‌లో పనిచేస్తారు, మీకు కూడా ఇదేమిటండీ?”

ఆవిడ నవ్వలేదు. వాళ్లమ్మ షెడ్డు కిందికి వెళ్లేదాకా ఆగింది.

“నాన్నకు బాగా లేనప్పుడు రిపోర్టు నేనే తీశాను. ‘హిమోగ్లోబిన్ ఎంతుందే?’ అని అడిగారు. అబద్ధం చెప్పలేక, ఆరు తర్వాతి అంకెను దాని పేరుతోనే అనేశాను. ఆయన ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి. సాయంత్రానికి పోయారు. మూడేళ్లయింది. ఇంతవరకూ నాకు కంట నీరు రాలేదు. నా నోటిమాటే తగిలిందనిపిస్తుంది. పిచ్చని తెలుసండీ. తెలిస్తే మాత్రం పోతుందా?”

నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు వెళ్లి, “అంకెలు వద్దు, వారాలు లెక్కపెట్టండి. ఆది, సోమ, మంగళ... శని రాగానే పైకి వచ్చెయ్యండి. వారానికి ఎనిమిదో రోజు లేదు కదా,” అన్నాను.

“మీరు ఫరవాలేదే!” అంది. ఆ రోజు నలభైన్నర వచ్చింది.

ఎంపిక రోజు వాచీ పట్టింది నేనే. నీళ్లలో కడ్డీ పట్టుకుని, కాళ్లు గోడకు ఆనించి, నావైపు చూసింది.

“ఇవాళ వారాలు వద్దు. అంకెలే అనుకుంటాను.”

“ఆ అంకె కూడానా?”

“అది కూడా.”

విజిల్ మోగింది. ఆరో తన్ను, ఏడో తన్ను, చక్కగా పైకి వచ్చింది. తల కదల్లేదు. చేతులు ఎక్కడా తడబడలేదు. గోడ తాకింది. మీట నొక్కాను.

నలభై పాయింట్ పన్నెండు.

కార్యదర్శి కలం పట్టుకుని నా మాట కోసం చూస్తున్నాడు. వాళ్లమ్మ నా చేతిలోకి తొంగిచూసి, గొంతు తగ్గించింది. “రెప్పపాటు కూడా కాదు కదా బాబూ. లోపలే వచ్చిందని చెప్పెయ్. వాళ్ల నాన్న పోయాక అది కోరుకున్నది ఇదొక్కటే.”

చెప్పేస్తే ఎవరికీ తెలియదు. ఆవిడ నవ్వుతుంది. ఆ నవ్వు కోసం నా దుకాణంలోని గడియారాలన్నీ వెనక్కి తిప్పగలను. కానీ కన్నతండ్రికే అబద్ధం చెప్పలేకపోయిన మనిషికి నేను అబద్ధం ఎలా చెప్పను?

“నలభై పాయింట్ పన్నెండు,” అన్నాను, అందరికీ వినబడేలా.

గట్టు పట్టుకుని నన్నే చూసింది. “మళ్లీ చెప్పు.”

నన్ను నువ్వు అనడం అదే మొదలు.

“నలభై పాయింట్ పన్నెండు. ఎంపిక కాలేదు.”

“నువ్వు చెప్పడం వల్ల కాలేదా?”

“నా వల్ల ఎందుకవుతుంది? నువ్వు గోడ తాకేసరికే అయిపోయింది. నేను ఉన్నది చదివానంతే.”

“ఉన్నది చదివావంతే,” అంది మెల్లగా. “నేనూ అంతే కదా? నాన్న రిపోర్టు... నేనూ ఉన్నది చదివానంతే కదా?”

“అంతే. ఒట్టు, అంతే.”

అప్పుడు ఏడ్చింది. మూడేళ్ల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. నేను బూట్లతో సహా నీళ్లలోకి దిగిపోయాను. నా భుజం మీద తల వాల్చేసింది.

“నువ్వంటే నాకు ప్రాణం,” అన్నాను. “ఇది చెప్పే సమయం కాదేమో. కానీ ఉన్నమాట.”

“తెలుసు,” అంది ఏడుస్తూనే. “వాచీ తడిసిపోతోంది.”

“బాగుచేసుకుంటాలే.”

వాళ్లమ్మ గట్టు మీద మోకాళ్లు ఆనించి కూర్చుంది. కూతురి తల నిమిరి, అదే చెయ్యి నా తల మీద కూడా పెట్టింది.

“ఏడవనీ, ఆపకు బాబూ,” అంది. “పట్టుకునే ఉండు.”

పట్టుకునే ఉన్నాను.