పైన పట్టుకున్నోడు

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద షహబాజ్, ప్రేమ్ సాగర్ కలిసి నడిపే కార్ల షెడ్డు ఒకటుంది. కార్ల కింద పని చేసేదానికి అందులో ఒక గుంత తవ్వి, సిమెంటు పూసి, ఒక కొసన మెట్లు కట్టించుకున్నారు. లోతు మనిషెత్తు, వెడల్పు సరిగ్గా ఒక మనిషికి. ఊరంతా ఎండకు మాడిపోతున్నా ఆ గుంతలో చల్లగా ఉంటుందని ప్రేమ్ సాగర్ మధ్యాహ్నం అన్నం కూడా అందులోనే కూర్చుని తినేవాడు. అదేం ఇష్టమో ఆయనకు, గుంతంటే!

ఆ శుక్రవారం గుంత మీద ఒక తెల్ల కారు ఉంది. అది కాలవలో పడి, నడిపే మనిషి బెల్టు ఊడక సీట్లోనే ప్రాణం వదిలినాడు. పులివెందులలో ఒకాయన కారు కొంటానన్నాడు గానీ, ఆ సీటూ బెల్టూ తన కంట పడగూడదన్నాడు. ఆయన భయం ఆయనది, తప్పేముంది? మిగతా బోల్టులన్నీ వచ్చేసినాయి. సీటునూ బెల్టునూ కలిపి పట్టి ఉంచిన చివరి బోల్టు మాత్రం మొరాయించింది. తల కారు లోపల, నట్టు కారు అడుగున. నీళ్లలో నాని, తుప్పు పట్టి రెండూ ఒకటైపోయినాయి.

ప్రేమ్ సాగర్ సంగతి తెలిసిందే కదా, మొండి మనిషి. పొద్దున్నుంచి డీజిల్ పోసినాడు, సుత్తితో కొట్టినాడు, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చినాడు. ఆఖరికి కదిలింది గానీ ఇంకో తంటా వచ్చిపడింది. కింద నట్టు తిప్పితే పైన బోల్టూ దాంతోపాటే తిరుగుతోంది. లోపల ఒకరు బోల్టు తలకు పానా వేసి పట్టుకోవాలి, కింద ఒకరు తిప్పాలి. ఇంతలో జుమ్మా నమాజుకు టైమైంది. తానొచ్చేదాకా ఆగమని చెప్పి, పానా సీటు మీద పెట్టి, షట్టరు సగం దించి షహబాజ్ వెళ్లిపోయినాడు.

ప్రేమ్ సాగర్ గుంతలోనే కూర్చున్నాడు. డీజిల్ వాసన, కాలిన ఇనుము వాసన. ఎక్కడో ఆటో పోయిన చప్పుడు. కాసేపటికి కునుకు పట్టింది.

కారు తలుపు తెరుచుకున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎవరో ఎక్కి కూర్చున్నట్టు కారు కొంచెం కిందికి దిగింది.

"వచ్చినావా మామా? పానా ఏసి గట్టిగా పట్టుకో," అన్నాడు లేస్తూ.

పైన పానా టక్కుమని బోల్టుకు పడింది. ప్రేమ్ సాగర్ తిప్పినాడు. నట్టు కిర్రుమంటూ పావు చుట్టు వచ్చింది. ఆయనకు ఎంత సంతోషమో! ఇంకా తిప్పుతూ, నమాజు ఇంత బిరీన ఎట్ల అయిపోయిందని అడిగినాడు. నుదుటి మీద నీటిచుక్క పడింది. తుడుచుకుంటే వేళ్లకు బురద వాసన వచ్చింది.

అప్పుడు వినిపించింది మసీదు మైకు. ఇమాము ఇంకా ప్రసంగం చెప్తూనే ఉన్నాడు. నమాజు మొదలే కాలేదు.

ప్రేమ్ సాగర్ చెయ్యి ఆగిపోయింది.

చెయ్యి ఆగగానే బోల్టు బెజ్జంలోంచి నీళ్లు దూకినాయి. చల్లటి కాలవ నీళ్లు. క్షణంలో పాదాలు మునిగినాయి. ఆయన మెట్ల వైపు పరిగెత్తినాడు. కారు వెనక్కి జరిగి ఉంది. మెట్లను పూర్తిగా మూసేసింది. ముందు వైపు చూసినాడు... అటు జానెడు సందు కూడా లేదు. అంత పొడుగు కారు కాదది. షహబాజ్ పేరు పెట్టి అరిచినాడు. ఆ అరుపు గుంతలోనే తిరిగింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినాయి.

పైనుంచి, కారు అడుగుకు నోరు ఆనించి మాట్లాడినట్టు, సన్నగా ఒక గొంతు...

"ఆపొద్దప్పా... శానా బిగుసుకుండాది."

ప్రేమ్ సాగర్‌కు ఏడుపు వచ్చింది. పానా తగిలించి తిప్పినాడు. నీళ్లు ఆగినాయి. చెయ్యి నొప్పి పుట్టి ఆపితే మళ్లీ పొంగినాయి. తిప్పితే ఆగుతాయి, ఆపితే పెరుగుతాయి. ఇంక చేసేదేముంది... తిప్పినాడు. అరచేతులు బొబ్బలెక్కినాయి. నీళ్లు రొమ్ము దాకా వచ్చినాయి. పైనున్నోడు మాత్రం పట్టు సడలించలేదు. ఆ పానా ఒక్కసారి కూడా జారలేదు. యేసయ్యా, ఈ ఒక్క నట్టు ఊడనీ అని మొక్కుకుంటూ, కళ్లు మూసుకుని, ఒళ్లంతా పెట్టి లాగినాడు.

నట్టు ఊడి అరచేతిలో పడింది.

బోల్టు పైకి పోయింది. లోపల ఎవరో పెద్దగా ఊపిరి పీల్చుకున్నారు. ఎన్నాళ్ల నుంచో ఆపుకున్న ఊపిరి. తలుపు తెరుచుకుంది. తడి పాదాల చప్పుడు షట్టరు దాకా పోయి, బయటి ఎండలోకి వెళ్లిపోయింది.

ప్రేమ్ సాగర్ కళ్లు తెరిచినాడు. గుంతలో చుక్క నీళ్లు లేవు. ఒంటి మీద బట్టలు పొడిగా ఉన్నాయి. కారు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మెట్ల మీద వెలుతురు పడుతోంది. బతికిపోయినాననుకుని మెట్లెక్కబోయినాడు.

ఎక్కలేకపోయినాడు.

షహబాజ్ వచ్చి చూస్తే, ప్రేమ్ సాగర్ గుంత గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. సీటు ఊడి ఉండడం చూసి, ఒక్కనివే ఎట్ల తీసినావని షహబాజ్ నవ్వుతూ చెయ్యి అందించినాడు. లాగితే మనిషి కదల్లేదు. పక్కన టీ కొట్టాయనను పిలిచి ఇద్దరూ లాగినారు. భుజం కీలు కటుక్కుమంది గానీ ఒళ్లు జానెడు కూడా లేవలేదు.

"ఏందప్పా? ఏమైంది నీకు?" షహబాజ్ గొంతు తగ్గించి అడిగినాడు.

ప్రేమ్ సాగర్ ఊపిరి బిగబట్టుకుని, కళ్లతో తన రొమ్ము వైపు చూపించినాడు. కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా, నాలుగు వేళ్ల వెడల్పున, చొక్కా లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని మీద ఏమీ లేదు. షహబాజ్ తడిమి చూసినా చొక్కా తప్ప చేతికేమీ తగల్లేదు.

బిగబట్టలేక ప్రేమ్ సాగర్ కాస్త ఊపిరి వదిలినాడు. ఆ నొక్కు ఇంకొంచెం లోపలికి దిగి, అక్కడే బిగుసుకుంది.