మణెమ్మ నడక

మిరపకోతకు బయల్దేరుతున్న మణెమ్మను పొద్దున్నే కూతురు ఫెబీ ఫోన్‌లో వీడియో తీస్తోంది. ఫెబీ యూనివర్సిటీలో కైనిసియాలజీ రెండో ఏడు. మనిషి ఎలా నడుస్తాడు, ఎలా వంగుతాడు, ఏ కండరం ఏ బరువు మోస్తుంది అన్నదే ఆ చదువు. సెలవులకు పుల్లలచెరువు దగ్గరి తమ పల్లెకు వస్తూ, ఇంట్లో ఒకరి నడకను పరిశీలించి రాసే పని కూడా తెచ్చుకుంది.

"అమ్మా, ఇంకోసారి గేటు దాకా పోయి రా."

"ఆటో వచ్చే టైమయింది మే."

అరుగు మీద టీ తాగుతున్న తండ్రి కరుణాకరం ముఖం చిట్లించాడు. నర్సింగ్‌లో సీటొస్తే కాదని ఇందులో చేరిందన్న కోపం ఆయనకు ఇంకా తగ్గలేదు.

"ఏడాదికే నడిచినావు నువ్వు. నడక నేర్చుకునేదానికి యూనివర్సిటీ ఎందుకంట?"

ఫెబీ వీడియోను నెమ్మదిగా నడిపించి చూస్తోంది. తల్లి కుడికాలు ఎత్తిన ప్రతిసారీ నడుం ఆ పక్కకు జారుతోంది. ఎడమకాలి మీద బరువు నిలవడం లేదు.

"అమ్మా, ఎడమ తుంటికి ఏమైంది?"

"ఏంగాలేదు. ముల్లు గుచ్చుకునింది."

"ముల్లయితే పాదం మోపవు. ఇది తుంటి. ఎప్పుడు పడినావు?"

మణెమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చివరికి చెప్పింది. రెండేళ్ల కిందట కూలికి పోయి ట్రాక్టర్ దిగబోతూ పడింది. అది ఫెబీ ఇంటర్ పరీక్షల వారం.

కరుణాకరం గ్లాసు కింద పెట్టాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు బిడ్డకు ఫోన్ చేస్తావు. అది పరీక్ష వదిలేసి వస్తాది. పండుకుంటే తగ్గుతాదిలే అనుకుంటి."

ఆయన కోపం కూతురి మీదికి మళ్లింది. "నర్సువైతే సూదన్నా ఏసేదానివి. ఇప్పుడు కనిపెట్టి ఏం జేస్తావు?"

"నేను వైద్యం చెయ్యలేను నాయనా. ఎక్కడ తేడా ఉందో చెప్పగలను, అంతే. నర్సునైనా, అమ్మ ఆసుపత్రికి వస్తేనే కదా చూసేది? అమ్మ వచ్చే మనిషేనా?"

వాకిట్లో ఆటో హారన్ మోగింది. "ఈరోజు ఆమె రాదు, మీరు పోండి," అని కరుణాకరమే పోయి చెప్పొచ్చాడు.

మార్కాపురంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. తుంటి ఎముకలో సన్నటి పగులు దానంతటదే అతుక్కుందనీ, ఇన్నాళ్లూ ఆ కాలిని కాచుకుంటూ నడవడంతో కండరాలు బలహీనపడ్డాయనీ చెప్పాడు. ఫెబీ తీసిన వీడియో రెండుసార్లు చూశాడు. ఆపరేషన్ అక్కర్లేదు, బరువులు మోయకూడదు, రోజూ వ్యాయామం చేయించాలి అన్నాడు.

"ఎప్పటి నుంచి ఇలా ఒరిగి నడుస్తోంది?" అని కరుణాకరాన్ని అడిగాడు.

ఆయన తడబడ్డాడు. "తెల్దు సార్. ఆదివారం చర్చికి ఇద్దరం కలిసే పోతాం. నేను ముందు నడుస్తా, ఆమె ఎనక వస్తాది. తిరిగి చూసింది లేదు."

మణెమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడెందుకులే అయ్యన్నీ."

బయటికొచ్చాక కరుణాకరం కూతురి దగ్గరికి వచ్చాడు. "ఆ కసరత్తులేందో నాకు గూడా నేర్పించు మే. నువ్వు కాలేజీకి పోయినాక చేయించాల్సింది నేనే గదా."

ఫెబీ అక్కడే, ఆసుపత్రి వరండాలోనే, ఆయన్ను గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమంది. కరుణాకరం చెప్పులు విప్పి నిలబడ్డాడు.